విసురుగాలిలో చిన్న విమానం

ఆషాఢమాసంలో అనంతపురం పల్లెల్లో మీరెప్పుడైనా సైకిలు తొక్కారా? ఎదురుగాలికి పెడలు కదలదు. గాలి చటుక్కున ఆగితే సైకిలు ముందుకు దూకుతుంది. పక్కనుంచి ఒక విసురు తగిలితే హ్యాండిలు పక్కకు పోతుంది. నేలమీద మనకే ఇంత కష్టమైతే, నేలకు దిగుతున్న చిన్న విమానం మాటేమిటి?

నైరుతి ఋతుపవనాలు పడమటి కనుమల మీద వానలు కురిపించి, తేమ పోగొట్టుకుని ఈ పీఠభూమికి చేరుతాయి. అందుకే ఇక్కడ ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే కురుస్తుంది. వాన రాకున్నా గాలి మాత్రం వస్తుంది. రామగిరి కొండలపై గాలిమరలు నెలకొల్పింది అందుకే. ఆ కొండలకు ఎంతో దూరం లేని పుట్టపర్తిలో 1990లో విమానాశ్రయం వెలిసింది. దాని రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది. ఎందుకో తెలుసా? విమానం గాలికి ఎదురుగా దిగాలి. అప్పుడు తక్కువ వేగంతో నేలను తాకవచ్చు.

అయితే చిక్కంతా గాలి నిలకడగా లేనప్పుడే. ఒక లెక్క చూడండి. విమానం గాలిలో గంటకు 120 కిలోమీటర్ల వేగంతో దిగుతోంది. ఎదురుగాలి 35 కిలోమీటర్లు. అది హఠాత్తుగా 15కు పడిపోయింది. బరువైన విమానం వెంటనే వేగం పుంజుకోలేదు. కనుక రెక్కలకు తగిలే గాలి వేగం 100కు తగ్గుతుంది. రెక్కలను పైకి లేపే బలం వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. అంటే 36 వంతుల్లో 25 వంతులే మిగులుతుంది! దాదాపు మూడోవంతు బలం పోయినట్లే. చాలా ఎత్తున ఉంటే సర్దుకోవచ్చు. పది మీటర్ల ఎత్తులో అంత వ్యవధి ఎక్కడిది? విమానం దభాలున నేలకు తగులుతుంది. చక్రాలు విరగవచ్చు, ప్రాణాలకే ముప్పు రావచ్చు.

అడ్డగాలి మరో ప్రమాదం. అది విమానాన్ని రన్‌వే నుంచి పక్కకు నెడుతుంది. చక్రాలు నేలను తాకిన తర్వాత కూడా ఒక రెక్కను పైకి ఎత్తగలదు.

మరి పైలట్లు ఏం చేస్తారు? గాలి విసురుకూ మామూలు గాలికీ ఉన్న తేడాలో సగాన్ని తమ దిగే వేగానికి కలుపుకుంటారు. పై లెక్కలో తేడా 20. కనుక 130తో దిగుతారు. అడ్డగాలి వీస్తుంటే గాలి వచ్చే వైపు రెక్కను కాస్త వంచుతారు. అప్పటికీ అదుపు తప్పేటట్లుంటే దిగడం మానుకుని, ఇంజనుకు పూర్తి శక్తినిచ్చి మళ్ళీ పైకి లేస్తారు. ఇది పిరికితనం కాదు, వివేకం.

మీరూ ఒక పరిశీలన చేయండి. పొడవాటి కర్రకు గుడ్డపీలిక కట్టి మైదానంలో నాటండి. ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి ఐదేసి నిమిషాలు గమనించండి. ఏ వేళ అది ఎక్కువసార్లు ఎగిరిపడింది? ఎండకు కాగిన నేల గాలిని ఎలా కలియబెడుతుందో ఆలోచించండి. చిన్న విమానం దిగడానికి ఏ వేళ మంచిదో మీకే తెలుస్తుంది.