కోట శ్రీనివాసరావు: ఒక క్యారెక్టర్ నటుడి వృత్తి

కథానాయకుడూ నాయికా కాకుండా, అలాగని గుంపులో కలిసిపోకుండా, తండ్రిగా, మామగా, మంత్రిగా, వడ్డీ వ్యాపారిగా కథను ముందుకు నడిపే పాత్రలు పోషించేవారిని తెలుగు సినిమా పరిశ్రమ క్యారెక్టర్ ఆర్టిస్టులని పిలుస్తుంది. ప్రతినాయకుణ్ణీ హాస్యనటుణ్ణీ వీరితో కలపకుండా వేరుగా లెక్కించడం పరిశ్రమకు అలవాటే అయినా, ఈ మూడు కోవల్లోనూ నాలుగు దశాబ్దాలకు పైగా రాణించిన కోట శ్రీనివాసరావు వృత్తిజీవితాన్ని గమనిస్తే ఆ విభజన ఎంత బలహీనమైనదో తెలుస్తుంది.

1942 జూలై 10న కృష్ణా జిల్లా కంకిపాడులో ఒక వైద్యుడి ఇంట జన్మించిన కోట, స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూనే నాటకరంగంలో కృషి చేశారు. 1978లో వచ్చిన 'ప్రాణం ఖరీదు'తో ఆయన సినిమాల్లోకి ప్రవేశించారు. చిరంజీవి తొలిసారి తెరపై కనిపించింది కూడా ఆ సినిమాతోనే కాబట్టి దాని పేరు చరిత్రలో మిగిలింది గానీ, కోటకు మాత్రం తగిన గుర్తింపు రావడానికి మరో ఏడేళ్లు పట్టింది. నాయక పాత్రకు యౌవనం పెట్టుబడి అయితే క్యారెక్టర్ పాత్రకు వయసే పెట్టుబడి. నలభై దాటిన ముఖం, నాటకాల్లో రాటుదేలిన గొంతు, జీతానికి పనిచేసే మధ్యతరగతి మనిషి లోకజ్ఞానం ఈ తరహా నటుడికి అక్కరకు వచ్చే సంపద. టి. కృష్ణ దర్శకత్వంలో 1985లో విడుదలైన 'ప్రతిఘటన'లో మంత్రి కాశయ్యగా ఆయన పేరు మారుమోగేనాటికి ఆయన వయసు 43 ఏళ్లు.

కాశయ్య పాత్రకు ప్రాణం పోసింది తెలంగాణ యాస. కృష్ణా జిల్లాలో పుట్టిన నటుడు ఆ యాసను అంత ధాటిగా, అంత సహజంగా పలకడం ప్రేక్షకులను ఆశ్చర్యపరచింది. ఆ పాత్ర విజయం వల్ల, రాజకీయ దుర్మార్గుడంటే తెలంగాణ యాసలోనే మాట్లాడాలన్న ధోరణి సినిమాల్లో బలపడిందన్నది కూడా కాదనలేని సంగతి. నాయకుడు కోస్తా భాషలోనూ, దుష్టుడూ విదూషకుడూ తెలంగాణ భాషలోనూ మాట్లాడే పద్ధతిపై తెలంగాణ ఉద్యమకాలంలో వచ్చిన విమర్శ న్యాయమైనదే. అయితే ఆ తప్పు నటుడి ప్రతిభది కాదు, ఒకసారి ఫలించినదాన్ని పదేపదే వాడుకునే రచయితలదీ నిర్మాతలదీ.

జంధ్యాల దర్శకత్వంలో 1987లో వచ్చిన 'అహ నా పెళ్ళంట'లో కోట పోషించిన లక్ష్మీపతి పిసినారితనానికి మారుపేరుగా నిలిచిపోయాడు. కోడిని పైనుంచి తాడుతో వేలాడదీసి, దాన్నే చూస్తూ, కోడికూర తింటున్నట్టే తృప్తిపడుతూ వట్టి అన్నం ముద్దలు మింగే దృశ్యంలో ఆయన నవ్వించడానికి ప్రత్యేకంగా ఏ ప్రయత్నమూ చేయరు. తన లెక్క ప్రకారం తాను చేస్తున్నది పొదుపే తప్ప వింత కాదని నమ్మిన మనిషిలాగా, ఎంతో శ్రద్ధగా, ఒక కార్యం నిర్వహిస్తున్నట్టు భోజనం ముగిస్తారు. పాత్ర తన వెర్రితనాన్ని ఎంత గంభీరంగా నమ్మితే ప్రేక్షకుడికి అంత నవ్వు వస్తుందన్న ప్రహసన సూత్రాన్ని తెలుగులో బోధించదలచినవారికి ఈ దృశ్యం ఒక్కటే చాలు.

సరిగ్గా 17 ఏళ్ల తరువాత, 2004లో చంద్ర సిద్ధార్థ దర్శకత్వంలో వచ్చిన 'ఆ నలుగురు'లో మళ్లీ ఆయన డబ్బు తప్ప మరొకటి ఎరగని మనిషే. ఇచ్చిన అప్పు వసూలు చేసుకోవడమే పరమార్థమనుకునే కోటయ్య, కథానాయకుడు రఘురామయ్య చనిపోయాక అతని సొంత పిల్లలే అంత్యక్రియల ఖర్చుకు వెనకాడుతుండటం చూసి కరిగిపోతాడు. లక్ష్మీపతిలో ఎక్కడా కనిపించని సంకోచం ఇక్కడ మాటకూ మాటకూ మధ్య వచ్చే విరామాల్లో వినిపిస్తుంది. ఒకే మూసలోని రెండు పాత్రలను ఇంత దూరంగా నిలపగలగడమే క్యారెక్టర్ నటుడికి అసలైన పరీక్ష. 'గాయం'లోనూ 'గణేష్'లోనూ ప్రతినాయకుడిగా నంది బహుమతులు పొందిన నటుడే 'ఆ నలుగురు'కు క్యారెక్టర్ నటుడిగా అదే బహుమతి అందుకున్నారు.

ఈ వృత్తిలో రాబడి కాల్షీట్ల మీద ఆధారపడి ఉంటుంది. ఒక నటుడు ఫలానా నిర్మాతకు ఫలానా రోజులు కేటాయిస్తానని ఇచ్చే మాటనే కాల్షీటు అంటారు. రోజుకింత చొప్పున పారితోషికం తీసుకోవడం ఈ తరగతి నటుల్లో పరిపాటి కావడంతో, ఒకేసారి అనేక సినిమాలు ఒప్పుకుంటే తప్ప వారికి గిట్టుబాటు కాదు. కోట 700కు పైగా సినిమాల్లో నటించడం వెనుక కళాదాహంతో పాటు ఈ లెక్క కూడా ఉందనుకోవడం అన్యాయం కాదు. 1995లో ఈటీవీ, జెమినీ ప్రసారాలు మొదలయ్యాక, సినిమా అవకాశాలు తగ్గినవారికి ధారావాహికలు ఆసరా అయ్యాయి. కోట సోదరుడు శంకరరావు కూడా బుల్లితెర నటుడిగా పేరు పొందినవారే. సినిమాలో పది నిమిషాల్లో ముద్ర వేయవలసిన నటుడు, సీరియల్లో ఏళ్ల తరబడి అదే అత్తగానో మామగానో కనిపించవలసి వస్తుంది. ఆ భద్రతకు చెల్లించే మూల్యం వైవిధ్యం.

బాబూమోహన్‌తో జంటగా 'మామగారు' వంటి చిత్రాల్లో నవ్వులు పూయించడం, 1999లో విజయవాడ తూర్పు నుంచి భారతీయ జనతా పార్టీ శాసనసభ్యుడిగా ఎన్నిక కావడం, 'గబ్బర్ సింగ్'లో పాట పాడటం, 2015లో పద్మశ్రీ అందుకోవడం ఆయన జీవితంలోని మరికొన్ని ఘట్టాలు. 2025 జూలై 13న హైదరాబాదులో కన్నుమూసేవరకు ఆయన నిర్మొహమాటంగా చెబుతూ వచ్చిన మాట ఒకటుంది: తెలుగు రాని పరభాషా నటులను తెచ్చి ప్రతినాయక పాత్రలు ఇవ్వడం ఇక్కడి నటులకు అన్యాయమని. 2003లో తమిళ 'సామి'లోనూ, 2005లో హిందీ 'సర్కార్'లోనూ ఆయనే పరభాషా నటుడిగా అడుగుపెట్టారు కాబట్టి ఆ వాదనను పూర్తిగా ఒప్పుకోవడం కష్టమే. అయినా కాశయ్య యాసను, కోటయ్య తడబాటును అరువు గొంతుతో పలికించడం సాధ్యం కాదు గనుక, భాష తెలిసిన నటుడికే పాత్ర దక్కాలన్నంతవరకు ఆయన మాటను నిర్మాతలు పట్టించుకోక తప్పదు.