పైన మంచు, కింద ఉక్క

పుదుచ్చేరి విమానాశ్రయం లాస్‌పేటలో ఉంది. అక్కడి నుండి సముద్రం ఎంతో దూరం లేదు. ఎండాకాలంలో ఆ గాలిలో వేడితో పాటు తేమ కూడా నిండి ఉంటుంది. యానాం నుండి చదువులకో, ఉద్యోగాలకో ఆ ప్రాంతానికి వచ్చిన తెలుగువారికి ఈ ఉక్క కొత్తది కాదు. గోదావరి ఒడ్డున వారెరిగినదే.

అటువంటి ఇంట ఒక ఉదయం కాచబోయిన పాలు విరిగిపోతాయి. రాత్రి దాచిన పప్పు పులిసిపోతుంది. ఫ్రీజర్ తెరిస్తే మాత్రం మంచుగడ్డలు రాళ్ళలా ఉంటాయి. "మంచు కడుతూనే ఉంది కదా, యంత్రానికేమైంది?" అని గృహిణి ఆశ్చర్యపోతుంది. ఆ ఇంట మధుమేహ రోగి ఉండి, ఇన్సులిన్ సీసా కింది అరలోనే ఉన్నట్లయితే ఈ ప్రశ్న పాలతో ముగిసేది కాదు.

చల్లదనానికీ దారి కావాలి

రిఫ్రిజిరేటర్ లేని రోజుల్లో అమెరికా సరస్సులలో కోసిన మంచుగడ్డలు ఓడలలో మన దేశానికి వచ్చేవి. 1833లో కలకత్తాకు తొలి ఓడ చేరింది. మద్రాసు సముద్రతీరాన 1842లో ఆ మంచు నిల్వకై కట్టిన ఐస్ హౌస్ నేటికీ నిలిచి ఉంది. నాటి మంచుపెట్టెలలో గడ్డను పై అరలో ఉంచేవారు. చల్లని గాలి బరువైనది గనుక తనంత తానే కిందికి దిగేది.

నేటి రెండు తలుపుల ఫ్రాస్ట్‌ఫ్రీ యంత్రాలలో అనేకం ఇదే సూత్రానికి ఒక ఫ్యానును జోడించాయి. చల్లబరిచే గొట్టాల చుట్ట ఒక్కటే. అది ఫ్రీజరు వెనుక గోడలో దాగి ఉంటుంది. ఆ చల్లదనాన్ని ఫ్యాను ముందుకు తోస్తుంది. అందులో కొంత భాగం సన్నని మార్గం గుండా కింది అరలకు దిగుతుంది. ఎంత దిగాలో ఒక చిన్న తలుపు నిర్ణయిస్తుంది. పైన సుమారు మైనస్ 18 డిగ్రీలు, కింద 4 డిగ్రీల సెల్సియస్ ఉండడం ఆ ఏర్పాటు ఫలితమే.

కనుక ఫ్రీజరులో ఐస్‌క్రీం గట్టిగా ఉంటే, కంప్రెసరునూ గ్యాసునూ మొదటే అనుమానించనక్కరలేదు. చల్లదనం పుడుతోంది, దారిలో నిలిచిపోతోంది. ఐస్‌క్రీం కూడా మెత్తబడితే అది వేరే సంగతి. గ్యాసు లోపమూ ఉండవచ్చు.

అడ్డు ఎక్కడ?

ముందుగా సామానులు చూడాలి. గాలి రంధ్రాలకు ఆనించి పొట్లాలు పేర్చితే గాలి ఆడదు. తరువాత తలుపు అంచు రబ్బరు. తలుపుకూ చట్రానికీ మధ్య కాగితం పెట్టి మూయాలి. లాగగానే సులువుగా వచ్చేస్తే ఆ సందులోంచి తేమగాలి లోనికి పోతున్నట్లే. ఆ తేమ గొట్టాలపై మంచుగా పేరుకుంటుంది. సముద్రతీర ప్రాంతాలలో ఈ బెడద మరింత ఎక్కువ.

మామూలుగా యంత్రంలోని హీటరు ఆ మంచును అప్పుడప్పుడు కరిగిస్తుంది. హీటరుగాని, దానిని నడిపే టైమరుగాని చెడితే మంచు గోడకట్టి గాలిని ఆపివేస్తుంది. దీనిని ఇంటిలోనే పరీక్షించవచ్చు. పదార్థాలు వేరొక చోటికి మార్చి, ప్లగ్గు తీసి, తలుపులు తెరచి ఒక పగలూ ఒక రాత్రీ వదిలివేయాలి. మరల నడిపినపుడు కింద బాగుగా చల్లబడి, కొన్ని రోజులకో వారాలకో తిరిగి వెచ్చబడితే, తప్పు మంచు కరిగించే ఏర్పాటులో ఉండవచ్చు. అసలు చల్లబడకపోతే ఫ్యానునో, గాలి తలుపునో చూపించాలి.

మంచును కత్తితో గీకరాదు. గొట్టం చిల్లుపడితే మరమ్మతు ఖర్చు పెరుగుతుంది. పైగా ఇటీవలి యంత్రాలలో అనేకం వాడే ఐసోబ్యూటేన్ మండే వాయువు. విద్యుత్ భాగాలను విప్పడం మెకానిక్ పని.

తొందరపాటు చేసే హాని

వండిన పదార్థాలు, పాలు, మాంసం 4 డిగ్రీలకు మించిన వెచ్చదనంలో రెండు గంటలకు పైగా ఉంటే పారవేయడమే క్షేమం. 32 డిగ్రీలు దాటిన ఎండలో బయట ఉంచితే ఆ గడువు ఒక గంటే. వాసన బాగుందని నమ్మరాదు. రోగకారక క్రిములన్నీ దుర్వాసన కలిగించవు.

ఇన్సులిన్ విషయంలో పొరపాటు ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. కింద వెచ్చగా ఉందని సీసాను ఫ్రీజరులో పెడతారు. తెరవని ఇన్సులిన్‌ను 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఒకసారి గడ్డకట్టినది కరిగినా పనికిరాదు. చూపునకు మాత్రం మునుపటివలెనే ఉండవచ్చు. యంత్రం బాగుపడేవరకు దానిని పొరుగింటి రిఫ్రిజిరేటర్ నడిమి అరలో, మంచు తగలకుండా ఉంచడం మేలు. అప్పటికే వెచ్చబడినదాని సంగతి వైద్యునినో, మందుల దుకాణంవారినో అడగాలి.

కింది అరలో ఒక చిన్న ఉష్ణమాపకం ఉంచితే ఇంత దూరం రాకముందే హెచ్చరిక అందుతుంది. మంచుగడ్డ ఫ్రీజరు సంగతి చెబుతుంది. పాలూ మందూ ఉండే అర సంగతి చెప్పేది ఆ ఉష్ణమాపకమే.