గెట్టు మీది చెట్టు కూలితే బాధ్యత ఎవరిది?

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రపు గాలిదుమారం నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాలకు కొత్త కాదు. 2024 మే 26 నాటి గాలివానకు ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో భాగమైన నాగర్‌కర్నూల్ జిల్లాలో గోడ కూలి ప్రాణనష్టం సంభవించింది. అదే రోజు హైదరాబాద్ శివార్లలోని కీసర ప్రాంతంలో ద్విచక్ర వాహనంపై చెట్టు పడి ఇద్దరు మరణించారు. ఇటువంటి గాలివానల తరువాత గ్రామాల్లో తరచు ఒక తగాదా తలెత్తుతుంది. ఒకరి గెట్టు మీది చింత మరొకరి పశువుల కొట్టంపై కూలుతుంది. గాలి పడగొట్టిన దానికి తనను అడుగుతారేమని చెట్టు గల రైతు వాదిస్తాడు. ఆ సమాధానం రచ్చబండ దగ్గర చెల్లవచ్చు గాని న్యాయస్థానంలో అన్నివేళలా చెల్లదు.

కూలిన చెట్టు వల్ల కలిగే నష్టానికి మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. నిర్లక్ష్యం వల్ల ఇతరులకు హాని చేసినవాడు పరిహారం చెల్లించాలన్న సాధారణ పౌర న్యాయసూత్రమే దీనికీ వర్తిస్తుంది. 1926లో ఇంగ్లండులో ఒక బీచ్ చెట్టు కొమ్మ విరిగి బస్సుపై పడిన వ్యాజ్యంలో, కొమ్మలోని పగులు పైకి కనబడేది కాదు కనుక భూయజమానికి బాధ్యత లేదని తీర్పు వచ్చింది. ఢిల్లీలో 1964లో స్కూటరుపై వెళుతున్న వ్యక్తి రోడ్డు పక్క చెట్టు కొమ్మ విరిగిపడి మరణించిన ఉదంతంలో మాత్రం నగరపాలక సంస్థ పరిహారం చెల్లించవలసిందేనని సుప్రీంకోర్టు 1999లో నిర్ణయించింది. ఎండిపోయిన లేదా తెగులు సోకి పడిపోయే స్థితిలో ఉన్న చెట్టును తొలగించడం దాని బాధ్యత వహించే వారి విధి అని ఆ తీర్పు సారాంశం. రెండు తీర్పులకూ మధ్య ఉన్న తేడా ఒక్కటే: ప్రమాదం ముందుగా కనబడేదా, కాదా? ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది న్యాయవాది కన్నా ముందు వ్యవసాయ, అటవీ శాస్త్రజ్ఞుడే.

దైవిక ఘటన అన్న వాదానికీ పరిమితి ఉంది. ఎన్నడూ ఎరుగని ప్రళయం వేరు, ఏటా వేసవిలో వచ్చే ఈదురుగాలి వేరు. ఏటా వచ్చేదాన్ని ఊహించలేదనడం కష్టం.

ముందుగా కనబడే ప్రమాదం ఎలా ఉంటుందో మహబూబ్‌నగర్ సమీపంలోని పిల్లలమర్రి చూపింది. సుమారు 700 ఏళ్ల నాటిదని చెప్పే ఈ మర్రి 2017 డిసెంబరులో ఒక భారీ కొమ్మను కోల్పోయింది. కొయ్యను చెదలు తొలిచివేసినట్లు తేలడంతో సందర్శకుల ప్రవేశాన్ని నిలిపివేశారు. 2018లో క్లోరిపైరిఫాస్ ద్రావణాన్ని సెలైన్ సీసాల ద్వారా చుక్కలుచుక్కలుగా కాండంలోకి ఎక్కించారు. బరువైన కొమ్మలకు ఆధారాలు నిర్మించారు. ఆ చికిత్స వార్తల్లో బాగా ప్రచారం పొందింది. కాని చట్టం దృష్టితో చూస్తే మొదట చేసిన పనే, అంటే జనాన్ని దూరంగా ఉంచడమే, అన్నిటికన్నా విలువైనది. చెట్టును నరకకుండానే బాధ్యతను నెరవేర్చిన తీరు అది.

ఈ రెండు జిల్లాల చల్క నేలలు చాలాచోట్ల లోతు తక్కువ. వాటి అడుగున మొరం, దాని కింద రాయి ఉంటాయి. అటువంటి చోట వేప, చింత, తుమ్మల వేళ్లు లోతుకు పోలేక పక్కలకు పరచుకుంటాయి. ట్రాక్టరుతో గెట్టు అంచు వరకు దున్నినప్పుడు, పైపులైను కోసం జేసీబీతో కాలువ తవ్వినప్పుడు, దారి వెడల్పు చేసినప్పుడు తెగేది ఈ పక్క వేళ్లే. చెట్టు పచ్చగానే ఉంటుంది, పట్టు మాత్రం ఒకవైపు పోతుంది. తొలి వానకు నేల నానగానే గాలి మిగిలిన పని పూర్తిచేస్తుంది. వేళ్లను తెగగొట్టినవాడు పొరుగు రైతే అయితే నష్టంలో అతని వాటానూ న్యాయస్థానం లెక్కిస్తుంది. గెట్టు జరిపి దున్నే అలవాటున్న ఊళ్లలో ఈ మాట చెప్పి తీరాలి.

ఇందుకు భిన్నమైన పొరపాటూ ఉంది. ఇటీవలి సంవత్సరాల్లో తెలంగాణ అంతటా వేప చెట్లు ఫోమోప్సిస్ శిలీంధ్రం వల్ల కొమ్మల చివర్ల నుంచి ఎండిపోవడం చూసి చెట్టు చచ్చిందనుకున్నవారు ఉన్నారు. వాటిలో చాలా భాగం మళ్లీ చిగిర్చాయి. ఎండిన రెమ్మలు కూలే ప్రమాదానికి గుర్తు కావు. మొదలు దగ్గర పుట్టగొడుగులు, కాండంలో బోలు శబ్దం, చెదల మట్టి గొట్టాలు, కొత్తగా వచ్చిన వంపు, వంపుకు ఎదురువైపు నేలలో పగుళ్లు అసలు గుర్తులు.

ప్రమాదకరమని తేలినా వెంటనే గొడ్డలి పట్టడం తగదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాల్టా ప్రకారం చెట్టు నరకడానికి ముందస్తు అనుమతి కావాలి. నరికితే వాల్టా, నరకకపోతే పరిహారం అన్న రైతు ఫిర్యాదు సహేతుకమే. అయితే దరఖాస్తు ఇచ్చి రసీదు దగ్గర ఉంచుకున్న రైతు తన శ్రద్ధకు సాక్ష్యం సంపాదించినట్లే. యజమాని కదలకపోతే బాటసారులు, ఇరుగుపొరుగు భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద కార్యనిర్వాహక మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. కూలేలా ఉన్న చెట్టును తొలగించమని గాని, దానికి ఆధారం కట్టమని గాని ఆయన ఆదేశించగలరు. పాత నేర విచారణ ప్రక్రియా స్మృతిలో ఇది 133వ సెక్షన్. మరణం సంభవించిన పక్షంలో నిర్లక్ష్యం రుజువైతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద క్రిమినల్ కేసుకూ అవకాశం ఉంది.

విద్యుత్ తీగల సంగతి వేరు. తెగిపడిన తీగ వల్ల మరణం సంభవిస్తే నిర్లక్ష్యం రుజువు కాకున్నా సరఫరా సంస్థ బాధ్యత వహించాలని మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. తీగకు అడ్డుగా ఉన్న చెట్టును తొలగించే ఏర్పాటు 2003 విద్యుత్ చట్టం 68వ సెక్షన్‌లో ఉంది. తీగ కన్నా ముందే ఉన్న చెట్టయితే దానికి పరిహారమూ ఇవ్వాలి. ఈ పని రైతు స్వయంగా చేయబోవడం ప్రాణాంతకం.

కౌలు భూముల్లో చిక్కు మరింత ఎక్కువ. యజమాని పట్నంలో ఉంటాడు, నోటిమాట కౌలుదారు పొలంలో ఉంటాడు. చెట్టును రోజూ చూసేవాడికి దాన్ని కొట్టే హక్కు లేదు, హక్కున్నవాడు చూడడు. న్యాయస్థానం అడిగేది పట్టా పేరును మాత్రమే కాదు, చెట్టు ఎవరి అదుపులో ఉందన్నది కూడా. కౌలుదారు ప్రమాదాన్ని గమనించి యజమానికి లిఖితపూర్వకంగా తెలిపితే, కనీసం ఫోనులో ఫొటో పంపితే, ఆ తరువాతి భారం చాలావరకు యజమానిపైకి మారుతుంది. మార్చి నెల రైతు శిక్షణ శిబిరాల్లో విస్తరణ శాస్త్రజ్ఞులు బాటల వెంట, బావుల దగ్గర, కొట్టాల పక్కన ఉన్న చెట్లను రైతులతో కలిసి పరిశీలించి, తేదీ వేసిన చిన్న పట్టిక రాయించడానికి ఒక పూట సరిపోతుంది.