ఎంఆర్‌ఐ గదిలోకి ఏ సూది?

మంత్రాలయం వైపు వాళ్లు ఒంట్లో గడ్డ ఉందని తెలిస్తే ఎమ్మిగనూరు, కోడుమూరు మీదుగా కర్నూలు పెద్దాసుపత్రికి వెళ్తారు. ముక్క తీసి పరీక్షకు పంపాలని అక్కడి డాక్టర్లు చెబుతారు. చాలామందికి ఆ ముక్కను అల్ట్రాసౌండులోనో సీటీలోనో చూస్తూ తీస్తారు. అది చవక, త్వరగానూ అయిపోతుంది. కానీ రొమ్ములో, ప్రొస్టేట్‌లో వచ్చే కొన్ని గడ్డలు ఎంఆర్‌ఐలో తప్ప సరిగ్గా కనబడవు. అప్పుడు సూదినీ ఆ యంత్రం దగ్గరికే తీసుకెళ్లాలి.

1.5 టెస్లా యంత్రంలోని అయస్కాంత బలం భూమి అయస్కాంత బలానికి సుమారు 30,000 రెట్లు. అయస్కాంతానికి అంటుకునే ఉక్కయితే చేతిలోంచి లాక్కుపోతుంది. అంటుకోని స్టెయిన్‌లెస్ స్టీలుతో ఆ ప్రమాదం తగ్గినా బొమ్మ చెడుతుంది. ఒంట్లోని నీటిలో ఉండే హైడ్రోజన్ కేంద్రకాలు ఎంత వేగంగా తిరుగుతున్నాయో చూసి, అవి ఎక్కడున్నాయో యంత్రం లెక్కగడుతుంది. ఆ వేగం అక్కడి అయస్కాంత బలాన్ని బట్టి మారుతుంది. లోహం దిగగానే, తుంగభద్రలో పాతిన గుంజ చుట్టూ నీరు వంకర తిరిగినట్టు, బలరేఖలు వంగుతాయి. లెక్క తప్పి, సూది కంటే లావైన నల్లటి చార పడుతుంది. అయస్కాంతానికి లోనయ్యే గుణం టైటానియంలో కంటే ఈ స్టీలులో సుమారు 20 రెట్లు, కొన్ని రకాల్లో ఇంకా ఎక్కువ. అందుకే ఈ సూదులను టైటానియం మిశ్రమాలతోనో నికెల్ ఎక్కువున్న మిశ్రమాలతోనో చేస్తారు.

వీటిని పోల్చడానికి కాపర్ సల్ఫేట్ కలిపిన నీటిలోనో జెలటిన్ ముద్దలోనో ఉంచి స్కాన్ చేసి, చార వెడల్పు కొలుస్తారు. ఇక్కడే జాగ్రత్త కావాలి. ఒకే సూది యంత్రపు అయస్కాంత దిశకు సమాంతరంగా ఉంటే సన్నగా, అడ్డంగా ఉంటే లావుగా కనిపిస్తుంది. స్పిన్ ఎకో అనే స్కాన్ పద్ధతిలో చార తగ్గుతుంది, గ్రేడియెంట్ ఎకోలో పెరుగుతుంది. 3 టెస్లాలో ఇంకా పెరుగుతుంది. కోణం, పద్ధతి, టెస్లా చెప్పకుండా ‘మా సూది మేలు’ అంటే నమ్మనక్కర్లేదు. చార సూది మొనను దాటి ముందుకు పోతుందా అన్నది మరీ ముఖ్యం. గడ్డే కొన్ని మిల్లీమీటర్లున్నప్పుడు మొన ఎక్కడుందో తప్పుగా తెలిస్తే పక్కనున్న మంచి కండ ముక్కగా వస్తుంది, జబ్బు లేదన్న రిపోర్టూ వస్తుంది.

అలాగని చారే లేని సూది మంచిదని కాదు. చార మరీ పలచనైతే సూది ఎటు పోతోందో డాక్టరుకు కనబడదు. కోతా చూడాలి. టైటానియం స్టీలంత గట్టిది కాదు, పదును త్వరగా పోతుంది, సన్నటి సూది గట్టి గడ్డలో వంగుతుంది. 18 గేజ్ సూది 1.27 మిల్లీమీటర్లు, 14 గేజ్ సుమారు 2.1 మిల్లీమీటర్లు. సన్నదాని చార చిన్నదే, ముక్కా చిన్నదే. రొమ్ముకు ఎంఆర్‌ఐలో చూస్తూ ముక్క తీసేటప్పుడు చాలాచోట్ల ఇంకా లావైన 9 గేజ్ వాక్యూమ్ సూదినే వాడతారు. నా లెక్కన చార కొలతల కంటే ముందు ముక్కను పరీక్షించే పెథాలజిస్టును అడగాలి: ముక్క నలగకుండా, తెగిపోకుండా, చాలినంత వచ్చిందా?

ప్యాకెట్ మీద ‘ఎంఆర్ కండిషనల్’ అని ఉంటే, అందులో రాసిన టెస్లాలో, రాసిన షరతుల్లో వాడితే ప్రమాదం లేదనే అర్థం. ముక్క బాగా వస్తుందన్న హామీ అందులో లేదు. సూదులు కొనే ఆసుపత్రి తన సొంత యంత్రంలో, తాను రోజూ వాడే పద్ధతిలో, రెండు మూడు కోణాల్లో జెలటిన్‌లో గుచ్చి చూసుకున్నాకే ఆర్డరు పెట్టాలి.