పోటీ పాట

పులికాట్ ఒడ్డున తెల్లవారుజామున చేపల పాట చూసినవాళ్లకు టీవీ హక్కుల లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. గంప నేల మీద పెడతారు. పాట పాడేవాడు ఐదొందల దగ్గర మొదలుపెడతాడు. ఒక వ్యాపారి తలూపుతాడు, రెండోవాడు వేలెత్తుతాడు, ధర ఎగబాకుతుంది. ఆ రెండోవాడు ఆ రోజు రాకపోతే గంప ఐదొందల దగ్గరే ఆగుతుంది, ఒక్కోసారి ఇంకా దిగుతుంది. ఎండెక్కితే చేప మెత్తబడిపోతుంది కాబట్టి అమ్మేవాడు రేపటిదాకా ఆగలేడు.

లైవ్ మ్యాచ్ కూడా అలాంటి సరుకే. రాత్రి ఏడున్నరకు కోట్లు పలికిన ఆటను పొద్దున్నే ఊరికే చూపిస్తామన్నా కూర్చునేవాడుండడు.

2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ ప్రసార హక్కులకు 2022 జూన్‌లో పాట జరిగింది. భారత ఉపఖండంలో టీవీ హక్కులు డిస్నీ స్టార్‌కు 23,575 కోట్లకు, ఫోన్లలో చూపించే డిజిటల్ హక్కులు వయాకామ్18కు 20,500 కోట్లకు పోయాయి. ఎంచిన మ్యాచ్‌ల డిజిటల్ ప్యాకేజీ, విదేశీ హక్కులు కూడా కలిపితే మొత్తం 48,390 కోట్లు. ఐదేళ్లకు 410 మ్యాచ్‌లని లెక్క వేసుకున్నారు కాబట్టి మ్యాచ్‌కు 118 కోట్లు. ఇరవై ఓవర్ల చొప్పున రెండు ఇన్నింగ్సూ పూర్తిగా సాగితే 240 బంతులు. అంటే బంతికి 49 లక్షలు.

ఇంత పెద్ద అంకె ఊహకు అందదు. మా వైపు వాళ్లకు తెలిసిన కొలతతో కొలుద్దాం. శ్రీహరికోటలో మూడో ప్రయోగ వేదిక కట్టడానికి 2025 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్న మొత్తం 3,984.86 కోట్లు. ఐపీఎల్ లెక్కలో అది 34 మ్యాచ్‌ల హక్కుల ధర. ఈ ఒప్పందం మొదటి సీజన్లలో ఒక్కోదానికి 74 మ్యాచ్‌లు. చంద్రయాన్-3కి అయిన ఖర్చు దాదాపు 615 కోట్లని చెబుతారు. అది ఐదు మ్యాచ్‌ల పైచిలుకు. రాకెట్ గొప్పదా క్రికెట్ గొప్పదా అని తూచడానికి ఈ పోలిక తేలేదు. ఆటల టీవీ వ్యాపారం ఎంత పెద్దదైందో కంటికి ఆనడానికే తెచ్చాను.

ఈ ధర ఒక్కసారిగా రాలేదు. 2017లో ఐదేళ్ల హక్కులను స్టార్ 16,347.50 కోట్లకు పాడుకుంది. మ్యాచ్‌కు 54.5 కోట్లు. ఆ పాటలో టీవీ కోసం సోనీ 11,050 కోట్ల దాకా వచ్చింది, డిజిటల్ కోసం ఫేస్‌బుక్ 3,900 కోట్లు రాసింది. వేలెత్తే చేతులు అన్ని ఉన్నాయి కాబట్టే స్టార్ అంత పెట్టాల్సి వచ్చింది. 2022లో అమెజాన్ పాటకు ముందే తప్పుకున్నా స్టార్, వయాకామ్18 ఎదురెదురుగా నిలబడ్డాయి. డిజిటల్ హక్కు మ్యాచ్‌కు 33 కోట్ల దగ్గర మొదలై 50 కోట్ల దగ్గర ఆగింది. ఐదేళ్లలో మొత్తం ధర దాదాపు మూడింతలు కావడానికి నా లెక్కలో అసలు కారణం ఈ ఎదురుపాటే. చూసేవాళ్లు పెరిగారన్నది నిజమే కానీ మూడింతలు పెరగలేదు.

ఆట ఇంటింటికీ చేరితేనే దానికి ధర. ఆ చేరవేతలో శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్ చెయ్యి కూడా ఉంది. ఇంటి పైకప్పు మీది డిష్‌కు నేరుగా చానెళ్లు అందించడానికని 2006 జూలై 10న శ్రీహరికోట నుంచి ఇన్సాట్-4సీని పంపారు. దాన్ని మోసిన జీఎస్ఎల్‌వీ రాకెట్ దారి తప్పింది, ఉపగ్రహం బంగాళాఖాతం పాలైంది. 2007 సెప్టెంబర్ 2న అలాంటిదే ఇన్సాట్-4సీఆర్, 2,130 కిలోలది, 12 కేయూ బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లతో అదే చోటి నుంచి లేచి కక్ష్యకు చేరింది. ఎయిర్‌టెల్ డిష్ సర్వీసు మొదలైంది దాని మీదే. బరువైన టీవీ ఉపగ్రహాలు ఆ తర్వాత కూడా ఎక్కువగా ఫ్రెంచ్ గయానా నుంచే వెళ్లాయి. అయినా ఆ పద్నాలుగు నెలల్లో జీఎస్ఎల్‌వీని మళ్లీ నిలబెట్టి పంపిన పట్టుదలను నేను చిన్నదనుకోను.

ఇప్పుడు పాట సంగతికి వద్దాం. 2022లో ఎదురెదురుగా కూర్చున్న ఆ ఇద్దరూ 2024 నవంబర్ 14న ఒక్కటయ్యారు. రిలయన్స్ చేతిలోని వయాకామ్18, డిస్నీ వారి స్టార్ కలిసి జియోస్టార్ అయ్యాయి. మరుసటి ఫిబ్రవరిలో రెండు యాప్‌లూ కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాయి. ఐపీఎల్ టీవీ హక్కూ, డిజిటల్ హక్కూ ఇప్పుడు ఒకే ఇంట్లో ఉన్నాయి. దీనికి తోడు 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను పార్లమెంటు నిషేధించింది. ఇళ్లు కూల్చే ఆ జూదం పోవడం మంచిదే. కానీ అప్పటిదాకా క్రికెట్ ప్రకటనల్లో పెద్ద వాటా ఆ కంపెనీలదే కాబట్టి హక్కులు కొన్నవాళ్ల రాబడికి అక్కడా గండి పడింది.

కొనేవాడే రాజైతే ఆటల సంఘాల గతేమిటో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ చూపించింది. అక్కడ కాలేజీలు కాన్ఫరెన్సులుగా జట్టుకట్టి ఆడతాయి. 1984 దాకా టీవీ హక్కులన్నీ ఎన్‌సీఏఏ అనే ఒక్క సంస్థ చేతిలో ఉండేవి. ఆ ఏడాది అక్కడి సుప్రీంకోర్టు ఆ పట్టు తెంచింది. కాన్ఫరెన్సులు తమ సరుకు తామే అమ్ముకోవడం మొదలైంది. 2022లో బిగ్ టెన్ ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైగా సంపాదించింది. పడమటి తీరపు పాక్-12కు సరైన కొనుగోలుదారు దొరకలేదు. 1915 నాటి మూలాలున్న ఆ కాన్ఫరెన్సును 2023 వేసవి ముగిసేసరికి పన్నెండింటిలో పది కాలేజీలు వదిలి వెళ్తామని తేల్చేశాయి. సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ బిగ్ టెన్‌లో చేరింది. ఇప్పుడు అది మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలోని రట్గర్స్‌తో ఒకే కాన్ఫరెన్సులో ఉంది. రెండింటి మధ్య దాదాపు 3,800 కిలోమీటర్లు. ఇరుగుపొరుగు ఊళ్ల పోటీలు పోయి, పిల్లలు విమానాల్లో నిద్రపోతూ ఆటకు వెళ్లే రోజులొచ్చాయి.

మన దగ్గర ఆ దెబ్బ మొదట తగిలింది హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు. ఈ మాట రాయడం నాకు కష్టంగా ఉంది. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుది ఆ ఊరు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానంలో నిలిపి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్‌ది ఆ ఊరు. అక్కడ 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ మూడో సీజన్‌లోనే, 2022 మార్చి 20న, కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. గచ్చిబౌలి మైదానానికి జట్టు లేకుండా పోయింది. అప్పులు, జీతాల గొడవలు, యాజమాన్యం మార్పు లాంటి కారణాలు చాలా ఉన్నాయి. టీవీ ఒక్కదాన్నే నిందించను. కానీ లీగ్ కింద నేల ఎంత పల్చనో అంకెలు చూడండి. 2010 డిసెంబర్‌లో ఫుట్‌బాల్ సమాఖ్య తన వాణిజ్య హక్కులన్నీ పదిహేనేళ్లకు 700 కోట్లకు ఇచ్చేసింది. ఏడాదికి 47 కోట్లు కూడా పడదు. ఐపీఎల్‌లో ఒక్క మ్యాచ్ టీవీ హక్కు 57.5 కోట్లు. ఆ ఒప్పందం ముగిసే ముందు కొత్త టెండర్ పిలిస్తే, 2025 నవంబర్‌లో గడువు తీరేసరికి ఒక్క బిడ్డూ రాలేదు. గంప నేల మీదే ఉండిపోయింది.

కబడ్డీది మరో దారి. తెలుగు టైటాన్స్ ఆడే ప్రో కబడ్డీ హక్కులు 2021లో ఐదేళ్లకు 908 కోట్లు పలికాయి. కొన్నది స్టార్. లీగ్ నడిపే సంస్థలో అప్పటి పెద్ద వాటాదారు కూడా స్టారే. అమ్మే చెయ్యీ కొనే చెయ్యీ ఒకే ఒంటివైతే అసలు ధర ఎంతో తేలదు.

సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఇప్పటికి భయం లేదు. ఐపీఎల్ హక్కుల సొమ్ములో సుమారు సగం జట్లకు పోతుంది. ఏడాదికి 9,678 కోట్లలో సగాన్ని పది జట్లకు పంచితే తలా 480 కోట్ల పైమాటే. ఆ జట్టును 2012లో సన్ టీవీ కొన్నప్పుడు ఏడాదికి కడతామన్నది 85.05 కోట్లు. కానీ ఈ ఒప్పందం 2027తో తీరిపోతుంది. 2028 నుంచి ఆడే మ్యాచ్‌లకు పాట పెట్టే రోజున నేను మొదట చూసేది వేలెత్తినవాళ్లెందరని. అమెజానో గూగులో నెట్‌ఫ్లిక్సో సోనీయో గట్టిగా నిలబడితే ధర నిలబడుతుంది. జియోస్టార్ ఒక్కటే వస్తే 118 కోట్లన్నది మళ్లీ చూడలేని అంకె కావచ్చు. ధర తగ్గినా క్రికెట్ బతికేస్తుంది. దాని నీడలో ఎదగాలనుకున్న ఆటలకే కష్టం.

చూసేవాడి హక్కు మాట కూడా చెప్పాలి. 1993 హీరో కప్ క్రికెట్ ప్రసారం గొడవ మీద 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. 2007 చట్టం ప్రకారం జాతీయ ప్రాముఖ్యమున్న ఆటల సిగ్నల్‌ను హక్కులు కొన్నవాళ్లు దూరదర్శన్‌కు ఇచ్చి తీరాలి. ప్రకటనల రాబడిలో 75 పాళ్లు వాళ్లకు, 25 పాళ్లు ప్రసారభారతికి. భారత పురుషుల జట్టు ఆడే వన్డేలు, టీ20లు ఆ జాబితాలో ఉన్నాయి. ఐపీఎల్ లేదు. 2017లో సుప్రీంకోర్టు ఇంకో గిరి గీసింది. ఆ పంచుకున్న సిగ్నల్ దూరదర్శన్ సొంత ప్రసారాల్లో, నెల చందా లేని ఫ్రీ డిష్‌లోనే రావాలి, ప్రైవేటు కేబుల్‌లో కాదు.

అందుకే మా వైపు సూళ్లూరుపేట సందుల్లో ఇప్పటికీ ఫ్రీ డిష్‌లు కనిపిస్తాయి. అన్నీ ఆగ్నేయం వైపు, జీశాట్-15 ఉన్న దిక్కుకు తిరిగి ఉంటాయి. కార్తీకం ముసుర్లో ఒకరోజు డిష్ బిగించే అతను నిచ్చెన మీద నిలబడి, గొడ్డలి తిరగేసి మేకు కొడుతున్నాడు. కింద గొడుగు పట్టుకున్న పెద్దాయన అడిగాడు: "దీంట్లో కిరికెట్ వస్తాదా అబ్బయ్యా?"

"ఇండియా మ్యాచ్ వస్తాది పెదనాయనా. ఐపీఎల్ అంటావా, వాళ్లు ఇస్తే వస్తాది."