ఇరవై సెకనుల డ్రమ్ము దరువు

భజనలో పదిమంది తాళాలు వాయించేటప్పుడు ఒకరి తాళం కాస్త వెనుకబడితే, సంగీతం నేర్వనివానికి కూడా అది ఎబ్బెట్టుగానే వినిపిస్తుంది. కాలాన్ని కొలవటంలో చెవి అంత చురుకైనది. సెకనులో వెయ్యోవంతును మిల్లీసెకను అంటారు. రెండు టిక్కుమనే శబ్దాల మధ్య రెండుమూడు మిల్లీసెకనుల ఎడమున్నా అవి రెండని చెవి పసిగడుతుంది. ఏది ముందు, ఏది వెనుక అని చెప్పటానికి మాత్రం దానికి సుమారు 20 మిల్లీసెకనులు కావాలి.

ఈ సూక్ష్మ కాలజ్ఞానాన్ని పూర్తిగా వినియోగించుకొన్న సంగీతం ఒకటి 1960 దశకంలో నల్లజాతి అమెరికన్ల మధ్య రూపు కట్టినది. దానిని ఫంక్ అంటారు. అంతకుముందే వారికి సోల్ అనే సంగీతమున్నది. చర్చి భక్తిగీతాల ఆవేశం, లౌకిక గీతాల దరువు కలిసి పుట్టినది అది. ఫంక్‌లో దరువే ప్రధానమైనది. గిటారు, బాకాలు, చివరకు గాయకుని గొంతు కూడా డ్రమ్ముల వలెనే పనిచేస్తాయి. గాయకుడు జేమ్స్ బ్రౌన్ మేళం ఈ మార్పుకు ముఖ్య కారణం.

ఇందులో ఒక ఆవృత్తానికి నాలుగు దెబ్బలు. వెనుకటి పాటల్లో ఊనిక రెండవ, నాల్గవ దెబ్బలమీద ఎక్కువగా ఉండేది. బ్రౌన్ మొదటి దెబ్బమీద పట్టు పెట్టాడు. ఆపైన ఒక్కొక్క దెబ్బను నాలుగు భాగాలు చేస్తారు. మృదంగం నేర్చేవారికి ఇది పరిచితమే. చతురశ్ర గతిలో "త-క-ధి-మి" అనుకోవటం వంటిది. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చేసి చూపవచ్చును. సగంమంది కాలితో దెబ్బ వేయాలి, సగంమంది "తకధిమి" అనాలి. తరువాత "త"ను మెల్లగా అని, "మి"ని మాత్రం గట్టిగా పలకాలి. కాలు తన లెక్కన తాను నడుస్తుండగా గొంతు దానికి అడ్డుపడుతూ వస్తుంది. ఆ ఘర్షణలోనే ఫంక్ ఊపు ఉన్నది.

బ్రౌన్ మేళంలో 1965లో చేరిన డ్రమ్ము వాద్యకారుడు క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్. ఆయన 1943లో టెనెసీ రాష్ట్రంలోని చట్టనూగాలో పుట్టాడు. గురువువద్ద నేర్చిన విద్య కాదు ఆయనది. ఊరిలోని కర్మాగారాల, రైళ్ల చప్పుళ్లే ఆయనకు మొదటి పాఠాలు. 1969 నవంబరు 20న సిన్‌సినాటీలో "ఫంకీ డ్రమ్మర్" అనే పాటను రికార్డు చేశారు. అందులో ఒకచోట తక్కిన వాద్యాలన్నీ ఆగిపోతాయి. దాదాపు ఇరవై సెకనులు డ్రమ్ములు మాత్రమే మ్రోగుతాయి.

ఆ ఇరవై సెకనులను కొంచెం విడదీసి చూడాలి. నిమిషానికి సుమారు 100 దెబ్బలు. అంటే దెబ్బకు 0.6 సెకను, అందులో నాల్గవ భాగం 0.15 సెకను. కుడిచేయి లోహపు పళ్లెములమీద ఆ చిన్న భాగాలను లెక్కిస్తూ పోతుంది. కుడికాలు పెద్ద డ్రమ్మును తొక్కుతుంది. ఎడమకాలు పళ్లెములను మూస్తూ తెరుస్తూ ఉంటుంది. ఎడమచేతి పని అన్నిటికంటె విచిత్రమైనది. గట్టి దెబ్బల నడుమ, కర్రను చర్మానికి అతి దగ్గరగా ఉంచి, ఆనీ ఆనని గుసగుస దెబ్బలు వేస్తుంది. వీటిని విడిగా ఎవరూ వినరు, కాని తీసివేస్తే దరువు ఎండిన ఎముకల గూడులా మిగులుతుంది.

డ్రమ్ము ఒక్కటి సరిగా ఉంటే చాలదు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఏడు మీటర్ల దూరంలో నిలిచిన బాకా వాద్యకారునికి డ్రమ్ము చప్పుడు 20 మిల్లీసెకనులు ఆలస్యంగా చేరుతుంది. అతడు దానిని విని వాయిస్తే, ఆ వాయించినది డ్రమ్మువద్దకు తిరిగి వచ్చేసరికి ఆలస్యం రెట్టింపవుతుంది. ఒకరికోసం ఒకరు ఆగుతూ పోతే పాట మొత్తం నెమ్మదిస్తుంది. అందుకే చిన్న వేదికమీద ఇరుకుగా నిలిచిన మేళానికి పట్టు ఎక్కువ. పెద్ద వేదికలమీద వాద్యకారుల పాదాలవద్ద లౌడుస్పీకర్లు పెట్టేది కూడా ఇందుకే. తీగలో విద్యుత్తు పోవటానికి పట్టే కాలం లెక్కలోకి రాదు. బ్రౌన్ అయితే తప్పు వాయించిన వారికి జరిమానా వేసేవాడు!

1980 దశకంలో యంత్రాలు వచ్చాయి. ధ్వనితరంగం ఎత్తును సెకనుకు వేలసార్లు కొలిచి, ఆ అంకెలను దాచుకొని, మళ్లీ ధ్వనిగా మార్చటం వాటి పని. కాంపాక్ట్ డిస్కులో ఈ కొలతలు సెకనుకు 44,100. ఆ లెక్కన స్టబుల్‌ఫీల్డ్ దరువు ఎనిమిది లక్షలకు పైబడిన అంకెల వరుస. దానిలో ఒక ముక్కను కత్తిరించి, ఎన్నిసార్లయినా తిప్పి వాడుకోవచ్చును. 1989లో పబ్లిక్ ఎనిమీ బృందం వాడుకొన్నది. అలా వాడుకొన్న పాటలు వేయికి పైగా ఉన్నాయంటారు.

1991లో అమెరికా న్యాయస్థానమొకటి ఇటువంటి వాడకానికి అనుమతి అవసరమని తీర్పు చెప్పినది. కాని అనుమతి ఇవ్వవలసినది పాటకు, రికార్డుకు హక్కుదారులు. పాట కర్తగా నమోదైన పేరు బ్రౌన్‌ది. డ్రమ్ము వాయించినవాడు చట్టం దృష్టిలో కూలి పుచ్చుకొని పోయిన పనివాడు. డబ్బు మాట అటుంచి, రికార్డుమీద తన పేరైనా వేస్తే బాగుండునని స్టబుల్‌ఫీల్డ్ చెప్పేవాడు. వరుసలు కట్టినవానికి దక్కే హక్కు దరువు కట్టినవానికి దక్కకపోవటం న్యాయమని ఎవరనగలరు?

ఆయన 1971లో విస్కాన్సిన్ రాష్ట్ర రాజధాని మాడిసన్‌లో స్థిరపడ్డాడు. సుమారు రెండు దశాబ్దాలు, సోమవారం రాత్రులు, ఆ ఊరి చిన్న క్లబ్బుల్లో తన మేళంతో ఫంక్, సోల్ పాటలు వాయించాడు. యంత్రంలోని ముక్క ఎన్నిసార్లు తిరిగినా అవే అంకెలు. క్లబ్బులో వాయించే మనిషి అలా కాదు. నాట్యమాడేవారు అలసితే దరువు సడలించవచ్చు, గాయకుడు చరణం పొడిగిస్తే తానూ పొడిగించవచ్చు, గుసగుస దెబ్బలను ఈ వారం ఒకచోట, వచ్చే వారం మరొకచోట వేయవచ్చు.

ఆరోగ్యం సహకరించక 2011లో ఆ సోమవారపు పనిని ఆయన విడిచిపెట్టాడు. ఒకప్పటి చికిత్స ఖర్చులను గాయకుడు ప్రిన్స్ ఎవరికీ తెలియకుండా చెల్లించిన సంగతి, ప్రిన్స్ మరణానంతరం 2016లో స్టబుల్‌ఫీల్డే బయటపెట్టాడు. 2017 ఫిబ్రవరి 18న మూత్రపిండాల వ్యాధితో మాడిసన్‌లో చనిపోయాడు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఆయనకు ఇవ్వ నిశ్చయించిన గౌరవ డాక్టరేటును ఆ మే నెలలో, ఆయన లేకుండానే, ప్రదానం చేసినది.