ఇనుముకు తూము

మేతలో ఇనుము ఎంత పెడితే అంతా ఒంటికి పడుతుందా? ప్రయోగశాల చిట్టెలుకలు దీనికి జవాబు చెప్పాయి.

పెరిగే చిట్టెలుకకు కిలో మేతలో 35 మిల్లీగ్రాముల ఇనుము చాలు. బాగా తగ్గిస్తే ముందు కాలేయంలోని నిల్వ కరుగుతుంది. ఆ తరువాతే రక్తం పలచబడుతుంది. అంటే, గాదె ఖాళీ అయ్యాకే లోటు పైకి కనబడుతుందన్నమాట!

ఇనుము ఎక్కువైతే కాలేయం హెప్సిడిన్ అనే పదార్థాన్ని పుట్టిస్తుంది. అది తూము మూసినట్లు, పేగులోని ఇనుమును రక్తంలోకి రానీయదు. ఈ పదార్థం తయారుకాని చిట్టెలుకల కాలేయంలో మామూలు మేతతోనే ఇనుము పేరుకుపోయిందని 2001లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు తెలిపారు. మేత మరీ మితిమీరితే తూము కూడా పూర్తిగా ఆపలేదు.

పేరుకున్న ఇనుమును బయటికి పంపే దారి మన ఒంటికీ లేదు. కనుక ఇంట్లోవాళ్లు పాలిపోయేదాకా ఆగకండి, రక్తపరీక్ష చేయించండి. మాత్రలు మాత్రం డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడండి.